తిప్పి చూడని మూట

"తలుపు తియ్యి. పక్కగదుల వాళ్ళు వింటారు," అని అల్లుడు మూడోసారి బతిమాలాడు.

"విననీ!" అంది అమ్మాయి స్నానాలగది లోపల్నుంచి. "మా నాన్న ఎలాంటివాడో ఈ ఊరికి కూడా తెలియనీ."

నేను కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. పెట్టుకోవడం అయిపోయాక విప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.

మూడు రోజుల సెలవు. సముద్రం ఉన్న ఊరు. మేడ మీద అద్దెకి రెండు గదులు. "గాలి మారుతుంది నాన్నా" అని చెప్పి తీసుకొచ్చారు. పొద్దున్నే మనవరాలు నిజం కక్కేసింది. దానికి ఎనిమిదేళ్ళు. డబ్బాలో తీపి ఎక్కడ దాచినా కనిపెడుతుందని ఇంట్లో చీమ అంటాం. చీమ పళ్ళు తోముకుంటూ, "తాతయ్యా, ఇవాళ అమ్మ వాళ్ళ మేనమామ దగ్గరికే కదా మనం వెళ్ళేది?" అంది.

"అయితే గాలి మార్చడానికి కాదు, మనిషిని మార్చడానికి తెచ్చావన్నమాట నన్ను," అన్నాను అమ్మాయితో.

"అవును. మారతావేమోనని."

"వాడి గుమ్మం తొక్కను."

అంతే. అది లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

వాడు నా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. తొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ పోయినప్పుడు వాడు చివరిచూపుకి రాలేదు. ఎనిమిదో రోజున ఒక మూట పంపాడు. గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి. నేను టైలర్ని. కుట్టు చూసి కుట్టినవాడి పేరు చెప్పగలను. లావు సూది, మైనం పూసిన దారం, బారెడు కుట్టు. వాడిదే, పడవ తెరలు కుట్టే చెయ్యి. మనిషి రాకుండా మూటెందుకు? పోస్టు మనిషి గుమ్మం దిగకముందే తిరిగి ఇచ్చేశాను.

నాలుగో నెలలో వచ్చాడు. కర్ర పట్టుకుని వీధిలో నిలబడ్డాడు. జాలి కోసం కర్ర తెచ్చుకున్నాడనుకున్నాను. కిటికీ మూసేశాను.

"బయటికి రావే. చీమ ఏడుస్తోంది," అన్నాడు అల్లుడు.

"నేనేం ఏడవట్లేదు," అంది చీమ.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా ముందుకొచ్చి నిలబడింది. దాని తల్లి కోపమొస్తే ఇలాగే నిలబడేది, ఎడమ చెయ్యి నడుమ్మీద పెట్టుకుని.

"రేపు నాలుగింటికి బస్సు. అప్పటిదాకా నీ ఇష్టం నాన్నా. వెళ్తే వెళ్ళు, మానితే మాను. బస్సెక్కాక మాత్రం మామయ్య మాట నీ దగ్గర ఎత్తను. ఆ తర్వాత ఇంక ఏ మాటా ఎత్తను."

"అంటే?"

"అంటే అంతే."

ఇది ఉత్త బెదిరింపు కాదు. ఈ పిల్లకి పంతం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. రోజూ అద్దంలో చూస్తూనే ఉంటాను.

* * *

మా అల్లుడు సర్వేయరు. సెలవుని కూడా కొలిచి గానీ వాడడు. ఏ గంటకి ఎక్కడుండాలో కాగితం మీద రాసుకున్నాడు.

"సముద్రం ఎన్నింటికి?" అన్నాను.

"ఒడ్డు నిన్ననే అయిపోయింది మామయ్యగారూ. దానికి అరగంటే వేశాను. ఇవాళ ఊరు."

మా ఆవిడ గుర్తొచ్చింది. ఏడాదికి మూడు రోజులు ఈ ఊరు వచ్చేది, తమ్ముడి దగ్గరికి. చూసిన నీళ్ళే ఏటేటా చూడ్డమేమిటని దెప్పేవాణ్ణి. "ఆ ఊళ్ళో సముద్రం ఒక్కటే ఉందా?" అనేది. ఇంకేముందో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మెట్ల వీధి దిగి, పాత గిడ్డంగుల మధ్యనుంచి నడిచాం. గోడలకి ఉప్పు పట్టి సున్నం పొరలు పొరలుగా లేచింది. ఒక కొట్లో తాళ్ళు, ఒక కొట్లో లాంతర్లు, ఒక కొట్లో లంగర్లు. రేవు చివర చిన్న రాతిగది. సముద్రం ఎంత లేచిందో, ఎంత తగ్గిందో నూరేళ్ళుగా అక్కడ కొలుస్తున్నారట. గోడకి ఇత్తడి గీత ఒకటి ఉంది. అల్లుడు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మేం కొలిచే ప్రతి ఎత్తూ ఈ గీత నుంచే మామయ్యగారూ. కొండలైనా, రోడ్లైనా. మీ ఇంటి గడప కూడా."

"మా గడప ఎత్తెంత?"

"చాలా ఎక్కువ," అంది అమ్మాయి పక్కనుంచి. "మనుషులు ఎక్కలేనంత."

అల్లుడు దగ్గాడు. చీమ ఇత్తడి గీతని వేలితో రుద్దింది. మాట తగిలినప్పుడు మాట్లాడకూడదు. తగిలిందని తెలిసిపోతుంది.

కాగితం ప్రకారం తర్వాత లాంచీ. పాయ దాటి అవతలి రేవుకి వెళ్ళి, అక్కడి పాత పుస్తకశాల చూడాలి. లాంచీ మీద ఎండ పడకుండా గుడ్డ తెర కట్టి ఉంది. నేను అంచున కూర్చున్నాను. తెర గాలికి కొట్టుకుంటూ నా ముఖం ముందుకొచ్చింది. వృత్తి బుద్ధి పోదు. అంచు పట్టుకుని తిప్పి చూశాను.

తాడు దూరడానికి వరసగా కన్నాలున్నాయి. ఒక్కో కన్నం చుట్టూ చేత్తో కుట్టిన కాజా.

చెయ్యి ఆగిపోయింది.

కాజా కుట్టేటప్పుడు ప్రతి కుట్టుకీ చిన్న ముడి పడుతుంది. కుడిచేతివాళ్ళు కుడితే ఆ ముడి ఒక పక్కకి వాలుతుంది. ఎడమచేతివాళ్ళు కుడితే రెండో పక్కకి. ఇవి రెండో పక్కకి వాలి ఉన్నాయి. ఎడమచేతివాళ్ళు లోకంలో లక్షమంది ఉండొచ్చు. కానీ ప్రతి కాజా చివరా రెండు కుట్లు ఎక్కువున్నాయి. మా ఆవిడ ముడిని నమ్మేది కాదు. ముడేశాక కూడా ఇంకో రెండు కుట్లు వేసేది. మా కొట్లో ఇరవయ్యారేళ్ళు నా పక్కన కూర్చుని ఆ రెండు కుట్లూ వేసింది. దారం దండగ అని రోజూ తిట్టేవాణ్ణి.

"ఇది ఎవరు కుట్టారు?" అని అడిగాను లాంచీ నడిపే సరంగుని.

"తెరల షెడ్డులో కుట్టించాం. అవతలి రేవులోనే."

"ఈ అంచు?"

సరంగు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "అంచా? అది పాతదండీ. ఆ షెడ్డాయన అక్కగారు కుట్టింది. ఏటా వచ్చేదిలెండి ఆవిడ. తెర మూడుసార్లు చిరిగింది, మార్చాం. ఆ కన్నాలు మాత్రం ఒక్కటీ ఊడలేదు. అందుకని ప్రతిసారీ పాత అంచు విప్పించి కొత్త తెరకి వేయించుకుంటాం. ఆ తల్లి పుణ్యమా అని ఎండావానా తెలియదు మాకు. ఎక్కడుందో, చల్లగా ఉండాలి."

అమ్మాయి నీళ్ళవైపు తిరిగింది.

"లేదు," అన్నాను. "పోయింది. మా ఆవిడే."

సరంగు చక్రం వదిలేసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. లాంచీ పక్కకి తిరిగింది. "చక్రం పట్టుకోండి!" అని అల్లుడు అరిచాడు. సరంగు పట్టుకున్నాడు. కానీ రేవు వచ్చేదాకా నా వైపే చూస్తూ నడిపాడు. ఏదో నేనే కుట్టినట్టు.

ఆ కాసేపూ మా ఆవిడ నీడలో కూర్చున్నాను. నాతోపాటు ఇంకో ముప్ఫైమంది కూర్చున్నారు. వాళ్ళకి తెలియదు. నాకు మాత్రం ఎన్నాళ్ళ నుంచి తెలుసు గనక?

రేవులో దిగాక అల్లుడు కాగితం తీశాడు. "పుస్తకశాల కుడివైపు. మనకి నలభై నిమిషాలు..."

"తెరల షెడ్డు ఎటు?" అని నేను సరంగుని అడిగాను.

అల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాలా మంచివాడు. ఎప్పుడు మడవాలో తెలుసు. నేనెప్పుడూ అతనికి ఈ మాట చెప్పలేదు.

* * *

పొడుగాటి రేకుల షెడ్డు. నేలంతా పరిచిన గుడ్డ. మధ్యలో వాడు కూర్చుని ఉన్నాడు. అరచేతికి తోలు పట్టీ, ఒళ్ళో పడవ తెర, పక్కన కర్ర. జుట్టు తెల్లబడింది. సూది సగం గుచ్చి తలెత్తాడు.

"వచ్చావా బావా," అన్నాడు. నిన్న వెళ్ళి ఇవాళ వచ్చినట్టు.

"వీళ్ళు లాక్కొస్తే వచ్చాను."

"అబద్ధం!" అంది చీమ. "తాతయ్యే ముందు నడిచాడు. మేమే వెనక పరిగెత్తాం."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వాడు సూది లాగి కుట్టు పూర్తిచేశాడు. పనివాడు కుట్టు మధ్యలో వదలడు. అది నాకు నచ్చింది. నచ్చినట్టు కనబడకూడదని పైకప్పు వైపు చూశాను.

బయట ఎవరో పడవ అడుగున సుత్తితో కొడుతున్నారు.

"నీ మూట ఉంది," అన్నాడు వాడు చివరికి.

"ఉంటే ఇవ్వు."

"అటక మీదుంది. అల్లుడుగారు కాస్త ఎక్కుతారా? నేను ఆ నిచ్చెన ఎక్కను."

"ఏం? భయమా?" అన్నాను.

"నాన్నా!" అమ్మాయి గొంతు షెడ్డంతా మోగింది. "ఆ నిచ్చెన మీంచే పడ్డాడు మామయ్య. అమ్మ పోయిందని ఫోనొచ్చిన పొద్దున. తను పోతే ఆ మూట నీకివ్వాలని అమ్మ ఒట్టు వేయించుకుంది. అది తీసుకుని బయల్దేరదామని కంగారులో ఎక్కాడు. తుంటి ఎముక రెండు ముక్కలైంది. ఆసుపత్రి మంచమ్మీంచి పంపాడు ఆ మూట. నువ్వు తిప్పికొట్టావు. ఎన్నిసార్లు చెప్పబోయినా ఆ పేరెత్తొద్దన్నావు."

"ఇప్పుడవన్నీ ఎందుకే తల్లీ," అన్నాడు వాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను వాడితో.

"ఉత్తరాలు రాశాను. విప్పకుండానే తిరిగొచ్చాయి. మనిషినే వచ్చాను. కిటికీ మూశావు." దారానికి మైనం రాస్తూ అన్నాడు. "చెప్తే నమ్మేవాడివా?"

"నమ్మేవాణ్ణి కాదు."

"మరి?"

వాడి తప్పు లేదని తేలాక మనిషికి ఎంత చెడ్డగా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. తొమ్మిదేళ్ళు ఆ కోపం మీదే ఆనుకుని నిలబడ్డాను. వాడు కర్ర మీద ఆనుకున్నట్టు.

అల్లుడు మూట దించాడు. దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టాడు. మూతికి అదే బారెడు కుట్టు. ఈసారి తిప్పి చూశాను.

మూతి తప్ప మిగతా సంచంతా ఆవిడ కుట్టింది. సన్నటి కుట్టు, ముడులన్నీ ఎడమచేతివి. మూలమూలనా రెండు కుట్లు ఎక్కువ. ఆ రోజు గుమ్మంలో ఒక్కసారి తిప్పి ఉంటే చాలు. కుట్టు చూసి పేరు చెప్పగలనని విర్రవీగే టైలర్ని, పై కుట్టు చూసి మూట తిప్పి పంపేశాను.

"బ్లేడు," అన్నాను. వాడి కుట్టు విప్పాను. ఆవిడది ముట్టుకోలేదు.

లోపల ఒక చొక్కా ఉంది. నిండు చేతులు, సన్న గీతల గుడ్డ. కాలరు తిప్పి చూశాను. కాలరు కోత నాది కాదు. మెడ దగ్గర కాస్త తడబడింది. కానీ తడబడి సర్దుకుంది.

"ఇది ఎవరు కోశారు?"

"అక్కే."

"దానికి కోత రాదు."

"ఇక్కడ నేర్చుకుంది. ఏడాదికి మూడు రోజులు. సముద్రం వైపు ఒక్కనాడు కూడా వెళ్ళలేదు బావా. పడవ తెరలు కోసి కోసి చెయ్యి తిరిగాక, ఇది కోసింది. నీ పాత చొక్కా ఒకటి దొంగతనంగా తెచ్చుకుంది కొలతకి."

ఆ చొక్కా పోయిందని అప్పట్లో చాకలిని తిట్టాను. పాపం, అతను నా కొట్టు వైపు రావడమే మానేశాడు.

మా కొట్లో ఒక నియమం ఉండేది. కత్తెర నాది, సూది ఆవిడది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కత్తెర తీస్తే లాక్కున్నాను. కొట్లో కోసే చెయ్యి ఒక్కటే ఉండాలన్నాను. అమ్మాయి పదిహేనేళ్ళప్పుడు నేర్పమంటే దానికీ అదే చెప్పాను. అది ఇప్పుడు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తోంది.

"నాన్నా, వేసుకో," అంది అమ్మాయి మెల్లగా.

నలభై ఏళ్ళు ఊరందరికీ కుట్టాను. నాకు నేనే కుట్టుకున్నాను. నా కొలత ఇంకొకరు తీసుకుని కుట్టిన చొక్కా నా ఒంటిమీద ఎప్పుడూ పడలేదు. వేసుకున్నాను. భుజం సరిగ్గా కూర్చుంది. నడుం దగ్గర మాత్రం వదులు. లోపల పక్కకుట్లలో ఇంకో రెండంగుళాల గుడ్డ వదిలి ఉంది.

"లావెక్కుతాడు, అప్పుడు విప్పుకుంటాడు అంది," అన్నాడు వాడు.

నేను చిక్కిపోయాను. ఆవిడకి అది తోచనే లేదు. తను లేకపోయినా నేను వేళకి తిని లావెక్కుతానని అనుకుంది.

చీమ మూటలో చెయ్యి పెట్టింది. "ఇంకా ఉంది తాతయ్యా!"

అదే గుడ్డ. కోసి, కుట్టకుండా మడత పెట్టిన ముక్కలు. పై ముక్క మీద సుద్దతో ఆవిడ అక్షరాలు: తమ్ముడికి. నువ్వు కుట్టు.

వాడు అది మొదటిసారి చూస్తున్నాడు. మూతి కుట్టింది వాడే అయినా లోపల చూడలేదు. చూడొద్దందట.

నేను ముక్కలు ఒక్కొక్కటే నేలమీద పరిచాను. వీపు, ముందు రెండు, కాలరు. చేతులు రెండు, పొట్టివి. పరిచి ఆగాను. తిప్పి చూశాను. మళ్ళీ చూశాను. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను.

"ఏమైంది నాన్నా?"

"రెండూ ఎడమ చేతులే!"

కోత నేర్చుకునే ప్రతివాళ్ళూ మొదట చేసే తప్పిది. ఒక చెయ్యి కోశాక గుడ్డ తిరగేసి రెండోది కోయాలి. తిరగెయ్యకుండా కోస్తే రెండూ ఒకే వైపువి వస్తాయి. తిరగేసి కుడదామంటే గీతలు గుడ్డకి ఒక్క పక్కే ఉన్నాయి.

వాడూ నవ్వాడు. ముందు నోరు మూసుకుని, తర్వాత కర్ర పడిపోయేలా. అల్లుడికి అర్థం కాలేదు గానీ నవ్వాడు. అమ్మాయి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తొమ్మిదేళ్ళలో మా ఆవిడ గురించి నేను నవ్వడం అదే మొదటిసారి. ఆవిడే నవ్వించింది.

"అమ్మమ్మకి కుడి చెయ్యి కోయడం రాదా?" అంది చీమ.

"మరిచిపోయింది. లేకపోతే నాకు వదిలింది."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"ఈ గుడ్డ ఇప్పుడెక్కడా దొరకదు బావా," అన్నాడు వాడు. "నాకు చొక్కా వద్దులే. ఈ ముక్కలు చాలు."

"నీ సంగతి ఎవడడిగాడు? అది కుట్టమంది."

నా ఒంటిమీద చొక్కా విప్పాను. నేలమీద పరిచాను. మోచేతుల కింది గుడ్డ రెండు చేతుల్లోంచీ తీసి అతికితే ఒక పొట్టి చెయ్యి వస్తుంది. నాకు పొట్టి చేతుల చొక్కా మిగులుతుంది. చాలు.

వాడికి అర్థమైంది. కుంటుతూ వచ్చి కఫ్‌ల మీద అరచెయ్యి పెట్టాడు. "వద్దు. వీటికి అక్క కుట్టిన కాజాలున్నాయి."

"రెండే పోతాయి. ముందువైపు ఏడున్నాయి."

"అయినా వద్దు."

"కత్తెర ఎక్కడ?"

వాడు చెప్పలేదు. చీమ బల్లమీద చూసి తెచ్చింది. పట్టుకోబోయాను. బొటనవేలు సరిగా దూరలేదు. పట్టు తేడాగా ఉంది.

"అది ఎడమచేతి కత్తెర," అన్నాడు వాడు. "అక్క కోసం చేయించాను. మామూలుది ఆవిడ చేతికి కుదిరేది కాదు. వేళ్ళు ఒరుసుకుపోయేవి."

ఇరవయ్యారేళ్ళు ఆవిడ నా పక్కన కూర్చుంది. ఆవిడ చేతికి కుదిరే కత్తెర ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. వీడికి తట్టింది.

"నా కొట్లో దానికి దొరకనిది నీ షెడ్డులో దొరికింది," అన్నాను. ఇంకా ఏదో అనాలి. జన్మలో ఎవరికీ అనలేదు. వాడు తల దించుకున్నాడు. వినకుండానే విన్నాడనుకుంటాను.

"ఇటివ్వు నాన్నా."

అమ్మాయి ఎడమ చెయ్యి చాచింది.

కత్తెర నా చేతిలోంచి దాని చేతిలోకి వెళ్ళింది. నేనిచ్చానో, అది తీసుకుందో చెప్పలేను.

"గీత ఎక్కడ?"

సుద్దముక్క తీసి గీశాను.

బావమరిది చెయ్యి ఇంకా కఫ్‌ల మీదే ఉంది.

"చెయ్యి తియ్యరా," అన్నాను.

వాడు తియ్యలేదు. అమ్మాయి కత్తెర తెరిచి గీత మీద ఆనించింది. గుడ్డ కదలకుండా నేను రెండో కొస పట్టుకున్నాను.